కుక్కర్ ఎత్తుకున్న కమాండర్

భీమిలి ఇసుకలో కర్రసాము నేర్పే బంగారయ్య గురువుకి ఓ అలవాటు. ధైర్యం గురించి ఎవరడిగినా ముందు తన పిరికితనం గురించి చెబుతాడు. అందులో తనకి అనుభవం ఎక్కువట.

ఆ పొద్దున్న శిష్యుడు ఎర్నాయుడు కర్ర పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"గురూగారూ! పక్కపేట పోలిరాజు సంతలో అందరి ముందూ నన్ను పిరికిగొడ్డన్నాడు. మీరు ఊఁ అంటే ఇప్పుడే ఎల్లి వాడి బుర్ర బద్దలుకొట్టేస్తాను. దెబ్బకి దెబ్బ తియ్యనోడు మగాడేటి?"

గురువు ఊఁ అనలేదు. చుట్ట ఆర్పి, కథ ఎత్తుకున్నాడు.

బంగారయ్య ఒకప్పుడు జలాంతర్గామిలో వంటవాడు. యుద్ధం రోజులు. శత్రువు రేవు వాకిట్లో నీళ్ళడుగున నక్కి, వచ్చేపోయే ఓడల ఆచూకీ తేవడం వాళ్ళ పని. వారం రోజులుగా ఎండు రొట్టెలు నములుతున్న డెబ్బైమందికీ పప్పన్నం పెట్టి మెప్పు కొట్టేద్దామని బంగారయ్యకి బుద్ధి పుట్టింది. గస్తీలో కుక్కర్ ముట్టకూడదని హుకుం ఉంది. కందిపప్పు ముందు హుకుమెంత అనుకుని పొయ్యెక్కించాడు.

సరిగ్గా అప్పుడే నెత్తిమీదకి శత్రువు ఓడ వచ్చింది. నీళ్ళడుగున చెంచా పడ్డా వినే యంత్రాలున్న ఓడ. ఫ్యాన్లు ఆగాయి. మాటలు ఆగాయి. కుక్కర్ ఆగలేదు. స్విచ్చి కట్టేసినా పొయ్యి ఎర్రగానే ఉంది. విజిల్ కూసిందా, డెబ్బైమందికీ తద్దినం తన చేత్తో వండినట్టే. దించుదామంటే బంగారయ్య చేతుల వణుకుకి మూత గలగలమనేలా ఉంది.

కమాండర్ చెరియన్ వచ్చాడు. తిట్టలేదు. కుక్కర్‌ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి, ఒళ్ళో పెట్టుకుని చతికిలబడ్డాడు. ఇనప నేలమీద దించితే ఖంగుమంటుంది. తడిగుడ్డ చుడితే సుయ్యిమంటుంది. అందుకని రెండు అరచేతులూ చుట్టాడు.

కింది ఆఫీసరు చెవిలో గొణిగాడు. "టార్పెడో సిద్ధం సార్. ఒక్క మాటనండి, ఆ ఓడ ఉండదు."

"ఓడ ఉండదు. మన కబురూ ఒడ్డు చేరదు," అన్నాడు చెరియన్, పెదవి కదిలీ కదలకుండా.

పావుగంట. కాలిన చర్మం వాసన వచ్చింది గానీ చప్పుడు రాలేదు. ఓడ దాటిపోయింది. చేతులకి కట్టు కట్టించుకుని ఆయన ఇంకో నాలుగు రోజులు అక్కడే కాపు కాశాడు. చూడాల్సిందంతా చూశాకే పడవని వెనక్కి తిప్పించాడు.

ఎర్నాయుడు ఊగడం మానేశాడు. మెల్లిగా అడిగాడు. "మరి ఆ పప్పు, గురూగారూ?"

"పలుకు పలుకుగా ఉండిపోయింది. ఒక్కడూ వంక పెట్టలేదు." బంగారయ్య చుట్ట మళ్ళీ వెలిగించాడు. "ఆ కర్ర కింద పెట్టేటప్పుడు చప్పుడు చెయ్యకురా."