ముందు చక్రాలకే మంచు టైర్లు

"సెప్పాల్సింది సెప్పేశాక కూడా ఎదుటోడు ఇనకపోతే, ఆ పైన జరిగేదానికి మనకేటి సంబంధం గురువుగారూ?"

నర్సీపట్నం దాటి లంబసింగి ఘాటీకి పోయే రోడ్డు పక్కన, గౌరునాయుడి టైర్ల షాపులో, ఒక పుష్యమాసపు పొద్దున తవుడు ఈ ప్రశ్న అడిగాడు. తవుడికి ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లల తండ్రి, ఆరేళ్లుగా అక్కడే పని నేర్చుకుంటున్నాడు. ఆ రోడ్డు మీద అందరూ గౌరునాయుణ్ణి మేస్త్రీ అంటారు, తవుడొక్కడే గురువుగారంటాడు. ఆ పిలుపుకి తగ్గట్టే ఆయన ఏమడిగినా అవుననడు, కాదనడు. చేతులు తుడుచుకుంటాడు, గ్లాసులో టీ చల్లారేదాకా దాన్నే చూస్తాడు, తరవాత ఎప్పుడో ఎక్కడో జరిగిందొకటి చెబుతాడు. అది మన ప్రశ్నకి జవాబో కాదో మనమే చూసుకోవాలి.

ఆ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. జాకీల మీద ఒక పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు ఉంది. రెండే తలుపులు, నేల వాసన చూస్తున్నట్టు కిందికి వంగిన ముక్కు. కదలకుండా నిలబడ్డా పరిగెత్తుతున్నట్టే ఉండే బండి. విశాఖపట్నం నుంచి మంచు చూడ్డానికి వచ్చిన దాని యజమాని, ఎక్కడో పాతసామానులో దొరికిన వెడల్పాటి అలాయ్ చక్రాలు నాలుగు స్నేహితుడి జీపులో వేసుకొచ్చి, ఉన్నవి విప్పి అవి బిగించమన్నాడు. చక్రాలు అద్దాల్లా మెరుస్తున్నాయి గాని వాటికున్న టైర్లు గీతలన్నీ అరిగిపోయి నున్నగా గుండులా ఉన్నాయి. పైన ఘాటీ అంతా పొగమంచుకి తడిసి ఉంది. "ఈటితో కొండెక్కకండి బాబూ, జారిపోద్ది," అని తవుడు చెప్పాడు. కారు యజమాని తవుడి భుజం తట్టి, "ఫొటోల కోసమే గానీ నువ్వు బిగించవయ్యా," అని నవ్వి, రోడ్డవతల టీ కొట్టులోకి వెళ్లాడు. అప్పుడు తవుడు చేతిలో స్పానరుతో గురువు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

గౌరునాయుడు టీ గ్లాసు కింద పెట్టి, "నేను కూడా ఒకసారి చెప్పాను," అన్నాడు. ఆ తరవాత ఆయన చెప్పింది దాదాపు ఇది.

ఇరవై ఏళ్ల కిందట ఆయన హిమాచల్‌లో, కులూ లోయలో ఒక టైర్ల షాపులో పని చేసేవాడు. లారీ మీద క్లీనరుగా వెళ్లి, అక్కడి మంచుని చూసి మనసు పడి ఆగిపోయాడట. కొండలు పొద్దున నీలంగా, మధ్యాహ్నం వెండిలా, సాయంత్రం కాసేపు పెళ్లికూతురి బుగ్గల్లా ఉండేవట. అంత అందంలోనూ ఆయనకి ఒకటే లోటు. నోరారా మాట్లాడ్డానికి తెలుగు మనిషి లేడు. నాలుగేళ్లు తనలో తనే తెలుగు మాట్లాడుకున్నాడు. టైర్లతో మాట్లాడేవాణ్ణి అని చెబుతూ ఆయన నవ్వబోయాడు గాని ఆ నవ్వు నిలబడలేదు.

ఒక శీతాకాలం ఉదయం షాపు ముందు ఎర్రటి స్పోర్ట్స్ కారు ఒకటి ఆగింది. అందులోంచి ఒక కుర్రాయన దిగుతూ, లోపల ఉన్న భార్యతో, "ఇక్కడా లేకపోతే ఇంక వెనక్కి పోవడమేనే," అన్నాడు. ఆ "పోవడమేనే" చెవిన పడగానే గౌరునాయుడి చేతిలో ఉన్నది జారి కింద పడింది. "తెలుగువాళ్లా బాబూ?" అన్నాడు. ఆ మాటకి అవతల మనిషి ముఖం విచ్చుకుంది.

"అయ్యబాబోయ్, మీరు మనవాళ్లేనాండీ! మృణాళినీ, దిగు దిగు, మన మేస్త్రీగారున్నారు!"

అతని పేరు శశాంక్. కాకినాడ. పెళ్లయి మూడు నెలలు. పై కనుమ దాకా వెళ్లి, మంచు మధ్యలో భార్యని నిలబెట్టి చూడాలని అతని కోరిక. మామూలు టైర్లతో పైకి వెళ్లనివ్వం అని కింద చెక్‌పోస్టులో ఆపేశారు. అందుకని మంచు టైర్లు వెతుక్కుంటూ వచ్చాడు. చలికి మామూలు రబ్బరు చెక్కలా బిగుసుకుపోతుంది, దానికింక రోడ్డు అందదు. మంచు టైరు రబ్బరు వేరు, ఎంత చలిలోనైనా మెత్తగానే ఉండి నేలని పట్టుకుంటుంది. షాపులో అలాంటివి ఆరు ఉన్నాయి, విదేశీయులెవరో వదిలి వెళ్లినవి. నాలుగు చిన్న సైజువి, నల్లటి ఇనుప చక్రాలతో సహా. మిగిలిన రెండూ వెడల్పాటివి, శశాంక్ కారుకున్న మెరుపు చక్రాలకి సరిగ్గా సరిపోయేవి.

గౌరునాయుడు ఆ నాలుగూ దొర్లించుకుని వచ్చి కారు పక్కన నిలబెట్టాడు. "చక్రం చిన్నది, రబ్బరు ఎత్తు. మంచులో ఇదే మంచిది బాబూ," అన్నాడు.

శశాంక్ వాటిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇవాండీ? మా బండికి గోచీ పెట్టినట్టుంటుందండి! పెళ్లికొడుక్కి పట్టుపంచె విప్పించి గోచీ పెట్టమంటారేంటండీ?" అన్నాడు. మృణాళిని పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. గౌరునాయుడికీ నవ్వొచ్చింది. నాలుగేళ్ల తరవాత తెలుగులో నవ్వడం అదేనట. ఇంతలో శశాంక్ కన్ను ఆ రెండు వెడల్పాటి టైర్ల మీద పడింది.

"ఇవి నా చక్రాలకే ఎక్కుతాయి కదండీ. ఈ రెండూ ముందు వేసెయ్యండి. కొత్త టైర్లు ముందుకి, పాతవి వెనక్కి. మన ఊళ్లో అందరం అదే కదా చేస్తాం? స్టీరింగు ముందుంది, బ్రేకు ముందు పడుతుంది. ముందు పట్టుంటే చాలండి. చెక్‌పోస్టువాళ్లు చూసేదీ ముందు టైర్లనే."

మన ఊళ్లో అందరం చేసేది అదే. గౌరునాయుడు కూడా మన రోడ్ల మీద వందసార్లు అలాగే వేశాడు. కానీ మంచులో అది ఎలా తిరగబడుతుందో ఆ లోయకి వచ్చాకే నేర్చుకున్నాడు. దిగేటప్పుడు మలుపులో ముందు చక్రాలు నేలని పట్టుకుంటాయి, వెనకవి పట్టుకోవు. అప్పుడు బండి తోక ముందుకొస్తుంది. ఇక బండి ముఖం ఎటుంటుందో దాని ఇష్టం.

ఆ మాటే చెప్పాడు. "నాలుగైనా వేయించుకోండి, లేదంటే ఇక్కణ్ణించే మంచు చూసి వెళ్లిపోండి. రెండు మాత్రం వద్దు బాబూ."

"వద్దంటున్నారు కదండీ, పెద్దాయన మాట వినొచ్చు కదా," అంది మృణాళిని భర్తతో.

"పెద్దవాళ్లు అన్నీ వద్దంటారే. మీ నాన్న కూడా నన్ను వద్దనే అన్నారు, ఏమైంది?" అన్నాడు శశాంక్. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. అటు తిరిగి కారులోంచి ఒక పొట్లం తీసింది. "ఉండండి బాబాయ్‌గారూ," అంటూ గౌరునాయుడి చేతిలో కాకినాడ కాజా ఒకటి పెట్టింది.

బాబాయ్‌గారూ. అక్కడ నాలుగేళ్లుగా ఆయన్ని ఏ వరసతోనూ పిలిచినవాళ్లు లేరు. కాజా కొరికితే పాకం నోట్లోకి దిగింది. ఆ చలిలో అంత తియ్యగా, అంత వెచ్చగా. ఇప్పుడు మళ్లీ కాదంటే వాళ్ల ముఖాలు ముడుచుకుంటాయి. ఇంకో షాపుకి వెళ్లిపోతారు. ఆ భాష వెళ్లిపోతుంది. చెప్పాల్సింది ఎలాగూ చెప్పేశాను కదా అనుకున్నాడు. కారు జాకీ మీదికి ఎత్తాడు. రెండు టైర్లూ ఆ మెరుపు చక్రాలకి ఎక్కించి, ముందు బిగించాడు. ఎంత బాగా బిగించాడంటే, అవతలి బెంచీ దగ్గర పని చేసే, ఆ కొండలవాడైన ముసలి మేస్త్రీ కూడా ఒకసారి తల తిప్పి చూశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ శశాంక్ పక్కనే గొంతుక్కూర్చుని కబుర్లు చెబుతూనే ఉన్నాడు. కాకినాడ రేవులో పడవలు ఆగే వార్పు గురించి, సముద్రం ఒడ్డున వాళ్లిద్దరూ మొదటిసారి కలిసిన సాయంత్రం గురించి. గౌరునాయుడు వింటూ, నవ్వుతూ బిగించాడు.

కొత్త టైర్లు కదా, నిమ్మకాయ తొక్కించాలంది మృణాళిని. ఆ చలికాలంలో అక్కడ నిమ్మకాయలెక్కడివి? ఆ లోయంతా యాపిల్ తోటలే. పక్క కొట్లోంచి నాలుగు యాపిళ్లు తెచ్చి నాలుగు చక్రాల కిందా పెట్టింది. "దేవుడికి తేడా తెలీదులెండి," అంది. కారు కదిలింది. నాలుగు యాపిళ్లూ ఒకేసారి చిట్లిన చప్పుడు, దాని వెంట ఆ పిల్ల చప్పట్లు. ఎర్ర కారు దేవదారు చెట్ల మధ్యకి వెళ్లి, కుంకుమ బొట్టంతై, ఆ పైన కనిపించలేదు.

మూడో రోజు మధ్యాహ్నం కనుమ మీంచి దిగిన జీపు డ్రైవరు షాపులో టీ తాగుతూ ఆ సంగతి చెప్పాడు. దిగేదారిలో మలుపు. ముందు చక్రాలు ఆగాల్సిన చోటే ఆగాయి. వెనకవి ఆగలేదు. కారు వెనక్కి తిరిగి, వెనకవైపుగానే లోయలోకి వెళ్లింది. అమ్మాయిని మధ్యలో ఒక చెట్టు ఆపింది. అతన్ని ఏదీ ఆపలేదు.

పదకొండు రోజుల తరవాత మృణాళిని షాపుకి వచ్చింది. చెయ్యి మెడలోంచి వేలాడగట్టి ఉంది, పక్కన వాళ్లన్నయ్య. గౌరునాయుడు లేచి నిలబడ్డాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"మీరు చెప్పారు బాబాయ్‌గారూ," అంది ఆ పిల్ల. "నేను విన్నాను కదా. మీ తప్పేమీ లేదని చెప్పి పోదామనే వచ్చాను. లేకపోతే మీరు బాధపడతారు."

ఆవిడ వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది. నెపం వెయ్యడానికి కాదు. భర్త అన్న మాటలన్నీ ఏరుకుంటున్న మనిషి కదా, ఇంకొకటి దొరికినట్టు ఆగింది, అంతే.

"పైకి ఎక్కుతుంటే నాకు భయమేసిందండీ. వెనక్కి పోదాం, బాబాయ్‌గారు వద్దన్నారు కదా అన్నాను. ఈయన నవ్వారు. 'నిజంగా ప్రమాదమైతే మన తెలుగాయన బిగించి ఇస్తాడా పిచ్చిదానా' అన్నారు."

అన్నయ్య ఆమె భుజం పట్టుకుని నడిపించుకుపోయాడు. ఆ మాట అనేటప్పుడు ఆమె కొంచెం నవ్వింది కూడానట, భర్త గొంతు అనుకరిస్తూ. గౌరునాయుడు ఆ వారమే ఆ లోయ వదిలేశాడు. ఆ తరవాత మంచుని అందమైనదని ఆయన అనగా ఎవరూ వినలేదు. ఇక్కడ లంబసింగిలో గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుందని ఊళ్లకి ఊళ్లు చూడ్డానికి ఎగబడుతుంటే, ఆయన షాపులో వెనక్కి తిరిగి కూర్చుంటాడు. ఇరవై ఏళ్లయింది. ఆ పిల్ల క్షమించి వెళ్లింది గాని ఆ క్షమని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి ఇంకా తెలియలేదు.

ఇంతవరకు చెప్పి ఆయన గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. టీ మీద మీగడ కట్టింది. బయట పొగమంచు రోడ్డు దాకా దిగి, జాకీల మీద ఉన్న పసుపుపచ్చ కారుని సగం మింగేసింది.

"మరి బిగించేసినా, మీరు వద్దన్నారు కదా గురువుగారూ," అన్నాడు తవుడు. అడిగినట్టు కాదు, బతిమాలుతున్నట్టు.

రోడ్డవతల టీ కొట్టులోంచి కారు యజమాని కేక వినిపించింది. "అయిందా బాబూ? ఎండెక్కితే మంచు పోద్ది, బేగి బిగించు!"

తవుడు ఆ కేక వైపు చూశాడు, తరవాత గురువు వైపు చూశాడు. గౌరునాయుడు తల ఎత్తలేదు.

"నోరు వద్దంది తవుడూ. ఆ కుర్రాయన చూసింది నా చేతుల్నే."