పుంజుగారి కడుపుమంట

ఒకానొక రాజ్యంలో అని గొప్పగా మొదలుపెట్టేశాను గానీ, అది మరీ అంత రాజ్యమేమీ కాదండీ. తూర్పు సరిహద్దులో ఒకడు తుమ్మితే పడమటి సరిహద్దులో ఉన్నవాడు "చిరంజీవ" అనేవాడు. ఆ మాత్రపు సీమకి రాజు ఉద్దండకేతుడు. ఆయన బిరుదులు వరసగా చదవడం మొదలుపెడితే, పూర్తయ్యేసరికి వింటున్నవాడికి మళ్ళీ ఆకలేసేది. తా దూర కంత లేదు, మెడకో డోలు అని ఊరికే అన్నారా!

అలాగని చెడ్డవాడు కాదు. చేతికి ఎముక లేని మనిషి. అడిగినవాడికి లేదనేవాడు కాదు. ఉన్న జబ్బల్లా ఒకటే, ఓర్వలేనితనం. ఎదుటివాడి చెట్టుకి నాలుగు కాయలు ఎక్కువ కాస్తే ఆ పూట ఆయనకి అన్నం సయించేది కాదు. పక్క రాజు మీసం దట్టంగా ఉందని ఎవరో నోరుజారితే, ఆముదం రాసుకుని రాసుకుని మూతి పుండు చేసుకున్నాడు. ఇంట్లో పంచభక్ష్య పరమాన్నాలు పెట్టుకుని పొరుగింటి పుల్లకూర కోసం గోడ మీంచి తొంగిచూసే రకం.

ఆ పొరుగిల్లు మాచన్నది. కొలువులో రాజునీ నలుగురినీ నవ్వించడం అతని ఉద్యోగం. కోట ప్రహరీకి ఆనుకునే అతని పెంకుటిల్లు, వెనక పెరడు, పెరట్లో ఒక మునగచెట్టు, దాని కింద మట్టితో కట్టిన కోళ్ళగూడు. తాతలనాటి ఇల్లు. మాచన్న భార్య పేరమ్మకి ఆ ఇల్లంటే ప్రాణం.

ఇలా ఉండగా దక్షిణదేశపు రాజొకడు ఉద్దండకేతుడికి కోళ్ళను కానుకగా పంపాడు. అబ్బో, ఏం కోళ్ళవి! నల్లటి ఒళ్ళు, ఎండ తగిలితే నీలంగా మెరిసే ఈకలు. వాటి మధ్య ఎర్రటి జుట్టుతో, ఎవరి మాటా లెక్కచెయ్యని పుంజు ఒకటి. రాజు మురిసిపోయి కోటతోటలో వాటికి టేకు కర్రతో దొడ్డి కట్టించాడు. చుట్టూ నగిషీ చెక్కిన కటకటాలు, లోపల ఇత్తడి గొలుసులకు వేలాడే దండేలు, పైన రంగుల పందిరి. నా మందిరానికే అంత పనితనం లేదని రాణిగారు కొన్నాళ్ళు మూతి ముడుచుకుని తిరిగింది.

పొద్దున్నే దొడ్డి తలుపు తీసేవారు. కోళ్ళు తోటంతా తిరిగి పురుగూ పుట్రా ఏరుకు తినేవి. పొద్దు వాలేసరికి తిరిగి దొడ్డికి రావాలా? వచ్చేవి కావు. ప్రహరీ ఎక్కి, అవతలికి దూకి, తిన్నగా వెళ్ళి పేరమ్మ గూట్లో దూరేవి. నల్లపుంజుకి జడిసి మాచన్న ముసలి పుంజు మునగచెట్టెక్కి పడుకునేది. తెల్లారాక భటులు వాటిని గంపల కింద కమ్మి మోసుకొచ్చేవారు. సాయంత్రానికి మళ్ళీ షరా మామూలే.

ఎందుకలా అంటారా? చెబుతాను. సాయంకాలం కోళ్ళను దొడ్డిలోకి తానే పిలవాలని రాజుగారికి ముచ్చట. ఆయన ఎక్కడికి కదిలినా ముందు శంఖం ఊదాలి, డోలు మోగాలి, వందిమాగధులు బిరుదులు చదవాలి. అది ఆ కోట ఆచారం. అలా ఊదుకుంటూ, వాయించుకుంటూ, "అరిరాజ గజకేసరీ!" అని గొంతు చించుకుంటూ అంత పటాలం మీదికొస్తుంటే, మీరైనా నేనైనా గోడ దూకమూ? ఈ సంగతి తోటలో గడ్డి కోసే ముసలమ్మకి కూడా తెలుసు. కానీ "మీ బిరుదులకి కోళ్ళు పారిపోతున్నాయి మహాప్రభో" అని పిల్లి మెడలో గంట కట్టేదెవరు? అందరూ బెల్లం కొట్టిన రాళ్ళలా ఊరుకున్నారు.

ఒక సాయంత్రం రాజు ఉండబట్టలేక మేడ మెట్ల మీంచి మాచన్న పెరట్లోకి తొంగిచూశాడు. పేరమ్మ చేటలో నూకలు పట్టుకుని "బా బా బా" అంటోంది. రాజుగారి కోళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆమె కాళ్ళ చుట్టూ తిరుగుతున్నాయి. అరుగు మీద కూర్చున్న మాచన్న ఒళ్ళో నల్లపెట్ట ఒకటి కళ్ళు మూసుకుని ముడుచుకుంది. మాచన్న దాని మెడ నిమురుతూ "మా బంగారు తల్లే" అంటున్నాడు.

రాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకనాడు కూడా ఆ పెట్ట తన చేతికి చిక్కలేదు. గదిలోకి పోయి తలుపు గడియ వేసుకుని, అద్దం ముందు నిలబడి "బా బా బా" అని చాలాసేపు సాధన చేశాడు. మర్నాడు డోలూ శంఖం అయ్యాక, యుద్ధంలో సైన్యాన్ని కేకేసే గొంతుతో "బా!" అన్నాడు. కోళ్ళు అప్పటికే గోడ అవతల ఉన్నాయి. "ఆహా, ఏమి గాంభీర్యం!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. వాళ్ళ నోళ్ళు పడిపోను!

ఆ మరుసటి పొద్దున కొలువులో రాజు మాచన్నని నిలబెట్టాడు.

"మాచన్నా! నా కోళ్ళకి ఏం మందు పెట్టావురా?"

"మందా ప్రభూ? దగ్గొస్తే నేనే వేసుకోను, కోళ్ళకెక్కడ పెడతాను?"

"వేళాకోళమా? నా గింజలు తింటాయి, నా తోటలో తిరుగుతాయి, చీకటి పడితే నీ ఒళ్ళో కూర్చుంటాయి! నేను పిలిస్తే పారిపోతాయి!"

మంత్రి అందుకున్నాడు. రాజు దగ్గర మాచన్నకున్న చనువు చూసి ఎప్పట్నుంచో కళ్ళలో నిప్పులు పోసుకుంటున్న మనిషి. "ఇది వశీకరణం ప్రభూ, సందేహం లేదు. ఇవాళ కోళ్ళు, రేపు ఏనుగులు, ఎల్లుండి ప్రజలు."

ఆ ఆఖరి మాట రాజుకి గుచ్చుకుంది. సింహాసనం మీంచి లేచాడు.

"రేపు పొద్దు గుంకేలోపల నా కోళ్ళు వాటంతటవి నడిచి నా దొడ్డిలోకి రావాలి. నువ్వు పిలవకూడదు, ముట్టుకోకూడదు. రాలేదా, ఈ రాజ్యంలో నీకు నూకలు చెల్లినట్టే. పెళ్ళాన్ని తీసుకుని సరిహద్దు దాటు. నీ ఇల్లు పడగొట్టించి ఆ గోడ ఇంకో నిలువెత్తు లేపిస్తాను."

నలుగురినీ నవ్వించే మాచన్న ముఖంలో నెత్తురుచుక్క లేదు. నిజం చెబితే తల పోతుంది, చెప్పకపోతే ఇల్లు పోతుంది. మెల్లగా చేతులు జోడించాడు.

"ప్రభూ, ఇది వశీకరణం కాదు. చెప్పడానికి నోరు రావడం లేదు. ఇది అసూయ."

సభ గతుక్కుమంది. ఆ కొలువులో ఎవరూ ఎత్తని మాట అది.

"ఎవరికి?" అన్నాడు రాజు.

"తమ పుంజుకి. రోజూ సాయంత్రం దాని వాకిట్లో ఎవరి బిరుదులు చదువుతారు ప్రభూ?"

"నావి."

"దానివి?"

"పుంజుకి బిరుదులేమిటిరా!"

"అదే ప్రభూ దాని బాధ. ఒంటి నిండా నీలాల మెరుపుంది, నెత్తిన జుట్టుంది, చుట్టూ అన్ని పెట్టలున్నాయి. అయినా పెట్టల ఎదుట ఇంకొకరి బిరుదులు వినాల్సి వస్తోంది. మగపుట్టుక పుట్టి ఎలా ఓర్చుకుంటుంది? అందుకే పెళ్ళాలను వెంటేసుకుని మా ఇంటికి వచ్చేస్తోంది. మా ఇంట్లో నాకే దిక్కు లేదు, దానికి పోటీ ఎవరు?"

రాజు ఉగ్రుడవుతాడనుకున్నారంతా. ఆయన మాత్రం మెత్తగా సింహాసనంలో కూలబడ్డాడు. కళ్ళు చెమర్చాయి.

"పాపం! నాకు తెలుసు మాచన్నా, ఆ బాధ నాకు తెలుసు. పక్కదేశం పెళ్ళికి వెళితే నాకన్నా ముందు ఆ మీసాలవాడి బిరుదులు చదివారు. విందులో ముద్ద దిగలేదు. గోడ ఉంటే నేనూ దూకేవాణ్ణే. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"రేపొక్క సాయంత్రం దాని ఎదుట డోలొద్దు, శంఖమొద్దు, బిరుదులొద్దు. తమరు కిరీటం పక్కనబెట్టి, ఒళ్ళో నూకలు పోసుకుని దొడ్డిలో పీట మీద కూర్చోండి. మా ముసలి పుంజును కూడా ఆ దొడ్డిలో వదులుతాం."

"నా దొడ్డిలో నీ పుంజా!"

"తన ఇంట్లో ఇంకొకడు పీటేసుక్కూర్చుని తింటుంటే, తమరైతే గోడ మీద చూస్తూ ఉండగలరా ప్రభూ?"

"ఛస్తే ఉండలేను!" అన్నాడు రాజు ఠక్కున.

ఇంటికెళ్ళి చెబితే పేరమ్మ కొంగు నోటికి అడ్డంపెట్టుకుంది. ముందు ఏడ్చింది, తర్వాత మండిపడింది.

"నేను కాపురానికొచ్చిన ఇల్లండీ ఇది! కోళ్ళ కోసం ఇల్లు పడగొడతాడా? ఏం కుళ్ళండీ ఆయనకి! ఆ మాటకొస్తే నాకూ ఉంది. ఆ నల్లపెట్టని ఒళ్ళో పెట్టుకుని బంగారు తల్లీ అంటారు. నన్ను ఒక్కనాడన్నా అన్నారా?"

"ముందు ఇల్లు దక్కనియ్యవే, తీరిగ్గా అంటాను. రేపు మన పుంజుని నువ్వే తీసుకురా. రాజుగారి పుంజు లోపలికి రాగానే మనదాన్ని లాగేసెయ్యి. లేకపోతే ఆ రాకాసిది ఒక్క పోటుకి పేగులు తీస్తుంది."

"రాకపోతే?"

మాచన్న నవ్వలేదు. "రాకపోతే పొద్దు గుంకాక మూట కట్టుకుందాం" అన్నాడు.

మర్నాటి సాయంత్రం కోటతోట మూగబోయింది. రాజు కిరీటం లేకుండా, పంచె ఎగ్గట్టి పీట మీద కూర్చున్నాడు. బిరుదులు లేకపోయేసరికి ఆయనకి ఒంటిమీద బట్ట లేనట్టుగా ఉంది. మెడమీద ఈకలూడిన మాచన్న ముసలి పుంజు ఆయన అరచేతిలో నూకలు టకటకా పొడుచుకు తింటోంది. తలుపు పక్కన పేరమ్మ ఊపిరి బిగబట్టి నిలబడింది. మాచన్న దూరంగా, మంత్రి పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు.

నల్లకోళ్ళు అలవాటు ప్రకారం ప్రహరీ ఎక్కాయి. తలలు మాచన్న పెరటివైపే ఉన్నాయి. పొద్దు చెట్ల వెనక్కి జారుతోంది. అలవాటు చొప్పున ఒక వందిమాగధుడు "రాజా..." అని నోరు తెరిచాడు. రాజు చూసిన చూపుకి ఆ మిగతాది వాడు మింగేశాడు.

ముసలి పుంజుకి కడుపు నిండింది. రెక్కలు టపటపలాడించి, ఉన్న ఓపికంతా తెచ్చుకుని "కొక్కొరోకో" అంది. గోడ మీది పుంజు మెడ తిప్పింది. రాజుకి ఏం తోచిందో, ముసలి పుంజు వీపు నిమిరి, గోడకేసి ఓరగా చూస్తూ "మా బంగారు తండ్రే" అన్నాడు.

అంతే! అది గోడ మీంచి దూకిన దూకుడు చూడాలి. మెడ ఈకలు నిక్కబొడుచుకుని, రెక్కలు నేలకి రాస్తూ, తోటకి అడ్డంపడి తలుపులోకి దూసుకొచ్చింది. మొగుడు ఎక్కడికో పోతున్నాడే అని పెట్టలన్నీ వెనకే పరిగెత్తాయి. పేరమ్మ ఒడుపుగా ముసలి పుంజుని సంకలో ఇరికించుకుని బయటపడి తలుపు మూసింది. శత్రువు కనబడక నల్లపుంజు దొడ్డంతా కలయజూసి, గెలిచానన్నట్టు గట్టిగా ఒక కూత కూసింది. పెట్టలు రాజు చుట్టూ చేరి నూకలు ఏరుకున్నాయి. మాచన్న ఒళ్ళో కూర్చునే ఆ నల్లపెట్ట ఆయన ఒళ్ళోకే ఎక్కేసరికి రాజు కదిలితే ఎక్కడ పోతుందోనని ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

పేరమ్మకి దుఃఖమాగలేదు. ముసలి పుంజుని హత్తుకుని అక్కడే కూలబడి ఏడ్చేసింది.

రాజు ఆనందం పట్టలేక అన్నాడు: "కానీ మాచన్నా, ఏం నీచబుద్ధిరా ఈ పుంజుది! టేకు దొడ్డి, ఇత్తడి గొలుసులు, ఇన్నాళ్ళూ కంటికి ఆనలేదు. ఇంకొకడొచ్చి కూర్చుంటే తప్ప తనకున్నదాని విలువ తెలియలేదు!"

మంత్రి తన చెప్పుల్ని చూసుకున్నాడు. మాచన్న ఆకాశంలోకి చూశాడు.

రాజు వాళ్ళనీ వీళ్ళనీ చూశాడు, పుంజుని చూశాడు, గోడ అవతలి పెంకుటిల్లు చూశాడు. ముఖం ఎర్రబడింది.

"ఏమిటిరా, ఏదో అనబోతున్నావు?"

"నేనా ప్రభూ? లేదే. కోడి గురించి తమరు అన్నది చాలు."

"నిజం చెప్పు. ఇన్నాళ్ళూ ఇది పారిపోయింది అసూయకేనా?"

"డోలుకి ప్రభూ."

"మరి నిన్న ఆ మాట చెప్పవేం?"

"డోలు మానండి అంటే నా తల తీయించేవారు. పుంజు మీద జాలిపడండి అంటే పడ్డారు."

పేరమ్మ కళ్ళు తుడవడం మానేసి కొయ్యబారిపోయింది. మంత్రి ఒక అడుగు వెనక్కి వేశాడు. రాజు పెదవులు వణికాయి. కోపమనుకున్నారు. కాదు, నవ్వు! ఒళ్ళో పెట్ట ఎగిరిపోతుందని చేత్తో నోరు నొక్కుకుని, కడుపు ఎగరేస్తూ, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"గెలిచావురా! నీ ఇల్లు నీదే. దానికి తోడు ఏటిగట్టున ఉన్న నా మామిడితోట నీకిచ్చేశాను, పో!"

మాచన్న గభాలున వెనక్కి జరిగాడు. "వద్దు ప్రభూ!"

"ఎందుకురా?"

"వచ్చే వేసవికి అది విరగకాస్తుంది. తమరికి అన్నం సయించదు. మళ్ళీ నన్ను సరిహద్దు దాటమంటారు."

"మరేం చెయ్యను? ఇచ్చిన మాట వెనక్కి తీసుకోనా?"

"అక్కర్లేదు. ఆ తోట మా పేరమ్మ పేరున ఇవ్వండి" అన్నాడు మాచన్న. "ఆవిడ మీద తమరికి ఓర్వలేనితనం లేదు కదా. ఆవిడ తోట చూసి ఏడ్చే పనేదో నేను ఏడుస్తాను."