దాలమ్మ గుక్క

సముద్రానికి ఇంకా ఉప్పు పట్టని రోజుల్లో, కొండలు సాయంత్రం పూట కాస్త అటూ ఇటూ తిరిగొచ్చే రోజుల్లో, ఒక ఊళ్ళో దాలమ్మ అనే మనిషి ఉండేది. మీరు నమ్మరని తెలుసు. నమ్మకపోయినా ఊఁ కొట్టండి, కథకి అది చాలు.

ఆ ఊళ్ళో సోమన్నగారని కత్తి వైద్యుడు. ఆయన కత్తి ఎంత పదునంటే, దాని గాలి తగిలి ఒక పిల్లి నీడ రెండు ముక్కలైంది. పాపం, ఆ పిల్లి చచ్చేదాకా రెండు నీడలతోనే తిరిగింది. ఆయన ఇంటి పక్కన పొడుగాటి పూరిపాక. కోయించుకోవాల్సినవాళ్ళూ, కోయించుకున్నవాళ్ళూ అందులోనే పడుకునేవాళ్ళు. వాళ్ళని చూసుకునేది దాలమ్మ.

కోతకి ముందు ఒళ్ళు కడిగేది, గోళ్ళు తీసేది, కడుపు ఖాళీగా ఉంచేది. కోత అయ్యాక పక్క మార్చేది, దగ్గించేది, పట్టుకుని నడిపించేది. కోశాక పేగులు మళ్ళీ కదలకముందే నీళ్ళు పడితే వాంతై కుట్లు తెగుతాయని, ఎవరెంత ఏడ్చినా ఆమెది ఒకటే మాట.

"కడుపు కదిలేదాకా గుక్క లేదు."

ఆ ఊళ్ళో దాహమంటే శత్రువుకైనా చెంబు అందిస్తారు. అలాంటిచోట ఆమెకి 'నీళ్ళియ్యని దాలమ్మ' అని పేరు పడింది. ఆమె వీధిలోకొస్తే పాలు విరిగేవని చెప్పుకునేవాళ్ళు. కొంచెం ఎక్కువే చెప్పుకునేవాళ్ళులెండి, నాలాగే.

ఇలా ఉండగా కుండలు చేసే కూర్మయ్యకి కడుపులో గడ్డ పుట్టింది. మొదట రేగుపండంత. తర్వాత కొబ్బరికాయంత. చివరికి పొట్ట ముందు గుమ్మం దాటితే, ఆయన ఓ గడియ తర్వాత వచ్చేవాడు. పెళ్ళాం ఎర్రమ్మ ఆయన్ని బండిమీద వేసుకుని పాకకి తెచ్చింది.

ఎర్రమ్మకి కత్తి భయం కాదు. మొగుడు ఆకలితో పోతాడేమోనని భయం. అందుకని కుచ్చిళ్ళలో అరిసెలు దాచి తెచ్చింది. దాలమ్మ పట్టేసుకుంది. పూలబుట్టలో పెరుగన్నం తెచ్చింది. దాలమ్మ పట్టేసుకుంది. తలగడలో ఉడికించిన గుడ్లు కుట్టి తెచ్చింది. అదీ పట్టేసుకుంది. ఆమె ముక్కు అంతటిది మరి. పక్క ఊళ్ళో పులుసు కాగుతుంటే, ఇక్కడ నిలబడి ఉప్పు తక్కువని చెప్పేది.

"నీకు మొగుడుంటే తెలిసేది," అంది ఎర్రమ్మ.

"ఉండేవాడు. కోతకి ముందు వాడికీ ఇలాగే పెట్టాను," అంది దాలమ్మ. "మత్తులో ఉన్నప్పుడు తిన్నది పైకి తన్నింది. ఊపిరాడలేదు. ఇంకేమైనా అడగాలా?"

ఎర్రమ్మ ఖాళీ తలగడ తీసుకుని బయటికి నడిచింది.

కూర్మయ్య మాత్రం అడిగాడు. "దాలమ్మత్తా, బతుకుతానంటావా?"

"అది నాకు తెలీదు నాయనా. దగ్గడం మాత్రం నేర్చుకో." దుప్పటి చుట్టి పొట్టకి అదిమిపెట్టి, దగ్గు నేర్పింది. కుట్లు పడ్డాక మనిషి దగ్గడానికి భయపడతాడు. దగ్గకపోతే రొమ్ములో కఫం పేరుకుంటుంది. అందుకని.

మత్తు పసరు పట్టారు. గడ్డ తీశారు. ఆ గడ్డని ఎనిమిదిమంది మోశారని మా అమ్మమ్మ చెప్పేది. నేనైతే పదిమంది అంటాను.

మెలకువ రాగానే కూర్మయ్యకి దాహం. మొదట బతిమాలాడు. "అత్తా, మా అమ్మవి కదూ, గుక్కెడు."

"కడుపు కదిలేదాకా గుక్క లేదు."

తర్వాత తిట్టాడు. ఆమె ఏడు తరాలనీ వరసలో నిలబెట్టి తిట్టాడు.

"కడుపు కదిలేదాకా గుక్క లేదు."

చివరికి ఏడ్చాడు. గొంతెండి ఏడుపు కూడా బయటికి రాలేదు. దాలమ్మ తడిగుడ్డ పిండి ఆయన పెదాలు అద్దింది. పక్క మార్చింది. వీపు రాసింది. కూర్చోబెట్టి దగ్గించింది.

ఎర్రమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది. నీళ్ళచెంబు పట్టుకుని లోపలికి దూసుకొచ్చింది. దాలమ్మ గుమ్మానికి అడ్డం కూర్చుంది.

"లేత్తావా, లేవవా?"

"లేవను."

"నువ్వు మాత్రం కడుపునిండా తాగి, మనిషిని ఎండబెడతావా? ఇదిగో, ఇంకా తాగు." చెంబెడు నీళ్ళూ దాలమ్మ మొహాన కొట్టింది.

నీళ్ళు నుదుటి మీంచి కారి పెదాల దాకా వచ్చాయి. దాలమ్మ గబుక్కున కొంగు తీసి మూతి తుడిచేసుకుంది. ఒక్క చుక్క లోపలికి పోనివ్వలేదు. అప్పుడు చూసింది ఎర్రమ్మ. ఆ పెదాలు ఎండాకాలం చెరువడుగులా నెర్రెలిచ్చి ఉన్నాయి.

"ఏటత్తా, నువ్వూ తాగలేదా?"

"వాడు అడిగినప్పుడల్లా ఓర్చుకోమని చెప్పాలి కదే. నా గొంతు తడిగా ఉంటే ఆ మాట నోటికి రాదు."

ఎర్రమ్మ చెంబు కింద పెట్టింది. దాలమ్మ పక్కనే గోడకి చేరగిలబడింది. ఆ తర్వాత తనూ తాగలేదు.

కూర్మయ్యని చెరో రెక్కా పట్టుకుని నడిపించారు. మెల్లిగా కడుపు కదిలింది. గాలి వదిలాడు. ఏం గాలనుకున్నారు? పాక కప్పు లేచి మళ్ళీ కూర్చుంది. చేపలవేటకెళ్ళినవాళ్ళు తుఫాను వస్తోందని పడవలు ఒడ్డుకి తెచ్చేశారు. ఊరంతా పండగ చేసుకుంది. సోమన్నగారు సరేనన్నాక కూర్మయ్య గుక్కెడు తాగాడు. ఆ వెనకే దాలమ్మ, ఆ వెనకే ఎర్రమ్మ.

ఎన్నో ఏళ్ళకి దాలమ్మ ముసలిదై మంచాన పడింది. చివరి గడియ. ఎర్రమ్మ చెంబుతో వచ్చింది, గొంతులో తీర్థం పోద్దామని. దాలమ్మ పళ్ళు బిగించుకుంది.

"పాకలో ఎవరున్నారు?"

"ఎవరో పిల్ల, అత్తా. నిన్న కోశారు."

"తాగిందా?"

"ఇంకా లేదు."

"అయితే ఆగు."

ఎర్రమ్మ తన ముసలి కాళ్ళతో పాకకి పరిగెత్తింది. పిల్లకి కడుపు కదిలిందని సోమన్నగారి కొడుకు చెంచాతో నీళ్ళు పడుతున్నాడు. కళ్ళారా చూసి వెనక్కి పరిగెత్తింది.

"తాగిందత్తా."

దాలమ్మ నోరు తెరిచింది. ఒక్క గుక్క తాగింది. వెళ్ళిపోయింది.

ఇది మాత్రం నేను పెంచి చెప్పలేదు.

అప్పట్నుంచీ ఆ వైపు ఊళ్ళల్లో, కోత అయినవాళ్ళకి మొదటి గుక్క పట్టేటప్పుడు అందాకా గుక్క ముట్టని తోడు మనిషి కూడా వాళ్ళతోపాటే తాగుతుంది. దాన్ని దాలమ్మ గుక్క అంటారు. ఆసుపత్రి మెట్ల మీద ఎవరైనా ఎండిన పెదాలతో కూర్చుని ఉంటే, అక్కడివాళ్ళు నీళ్ళు కావాలా అని అడగరు. పక్కన చోటు చూసుకుని కూర్చుంటారు. "లోపల మీవాళ్ళెవరమ్మా?" అని అడుగుతారు.