ఫోటోలో అక్కర్లేని మనిషి

తణుకులో ఫణీంద్ర అనే ఒకాయన ఉండేవాడు, మంచివాడే గాని చేతిలో ఫోను ఉంటే ఎదుటివాళ్ళు ఏం చెప్పినా తలెత్తకుండా "ఊఁ" అనడం ఆయనకున్న జబ్బు.

ఆయనకు ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే కొట్టు ఉండేది. పని తెలిసినవాడని ఊళ్ళో పేరు కూడా ఉంది. ఇంట్లో మాత్రం భార్య హైమ "ఉప్పు అయిపోయిందండీ" అంటే ఊఁ అనేవాడు, "ఇల్లు అంటుకుందండీ" అన్నా ఊఁ అనేవాడు. రెండోది ఆవిడ పరీక్ష కోసం అని చూసిందే లెండి. తల్లి మాణిక్యమ్మ ఒక్కతే ఆ ఊఁని సమాధానం అనుకునేది. కొడుకు విన్నాడు, సరేనన్నాడు, అంతే. డెబ్భై ఏళ్ళ మనిషి, నడక మాత్రం చురుకు. ఆవిడకు ఫోను లేదు. ఇంట్లో ఇన్ని ఉండగా నాకెందుకురా అనేది.

హైమ అన్నగారు శేషగిరిది ఇంకో తరహా. కొత్తగా ఏది వచ్చినా ఆయనకు గిట్టదు. వెనక మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు చుట్టిన ఫోనొకటి జేబులో వేసుకుని తిరిగేవాడు. "ఫోనంటే మాట్లాడ్డానికి. మిగతాదంతా గారడీ" అనేవాడు. ఫణీంద్రేమో కొత్తగా వచ్చే ప్రతి ఫీచరూ వరమే అనేవాడు. ఆ ఇద్దరూ ఒకచోట కూర్చుంటే కంచాల్లో అన్నం చల్లారిపోవాల్సిందే.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. నేను నరసాపురంలో ఉండి, గోదావరి అవతల సఖినేటిపల్లి బళ్ళో పాఠాలు చెప్పేవాణ్ణి. రోజూ రేవులో పంటు ఎక్కాలి. పంటు అంటే మనుషుల్నీ బళ్ళనీ ఒకేసారి దాటించే వెడల్పాటి పడవ. ఆ శనివారం పొద్దున నేను రేవులోనే ఉన్నాను. చూసింది చూసినట్టు చెబుతాను, నా తప్పు కూడా దాచను.

ఫణీంద్రకు పచ్చకామెర్లు వచ్చి తగ్గాయట. తగ్గితే కొడుకుని తీసుకుని గోదావరి అవతల అంతర్వేది గుడికి వస్తానని మాణిక్యమ్మ మొక్కుకుందట. అందుకే నలుగురూ బయల్దేరి వచ్చారు. గోదావరికి వరద తీసి నాలుగు రోజులే అయింది. నీళ్ళింకా ఎర్రగా, వడిగా పోతున్నాయి. మెట్ల మీద బురద ఆరలేదు. మాణిక్యమ్మ గోదావరికి పసుపు కుంకుమ వెయ్యాలని మెట్లు దిగింది. మిగతా ముగ్గురూ గట్టు మీద ఉండిపోయారు. ఫణీంద్ర చేతిలో నాలుగు రోజుల కిందట కొన్న ఫోను ఉంది. ఇంక చెప్పేదేముంది, వాదన మొదలైంది.

"దీన్ని చెట్టుకి ఎదురుగా పెడితే ఆ చెట్టు పేరు చెబుతుంది బావా. తమిళంవాడు మాట్లాడితే మనకి తెలుగులో వినిపిస్తుంది" అన్నాడు ఫణీంద్ర.

"రోజుకి ఎన్ని చెట్ల పేర్లు అడుగుతారేమిటి బావగారూ? ఫ్యాను బాగుచేయించుకోడానికి మీ కొట్టుకి ఎంతమంది తమిళులు వచ్చారు?" అన్నాడు శేషగిరి.

నాకు నవ్వొచ్చింది. పక్కన జామకాయలమ్మే ఆవిడ కూడా నవ్వింది. జనం ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. ఫణీంద్రకు పౌరుషం వచ్చింది.

"అయితే ఇది చూడు" అంటూ హైమనీ బావనీ చెరో పక్కన నిలబెట్టుకుని ఫోను ఎత్తి పట్టుకున్నాడు. అప్పుడే మాణిక్యమ్మ మెట్లెక్కి వచ్చింది. కొడుకు భుజం తట్టి ఏదో చెప్పింది. ఆయన ఫోనులోకి చూస్తూ "ఊఁ" అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది. ఎటు వెళ్ళిందో నేను చూళ్ళేదు. చూసి ఉంటే మీకు ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

ఫోటో తీసి మా అందరికీ చూపించాడు ఫణీంద్ర. "మేం ముగ్గురం బాగానే ఉన్నాం. వెనకాల ఈ జనమంతా ఏమిటి, సంతలాగ? ఇదిగో, ఇక్కడ నొక్కితే ఇందులో అక్కర్లేని మనుషులెవరో ఫోనే కనిపెడుతుంది."

నొక్కాడు. వెనకున్నవాళ్ళ చుట్టూ తెల్లగా గీతలు పడ్డాయి. ఆరుగురిని పట్టుకుంది. చెరిపెయ్యమంటారా అని అడిగింది. ఆ ఆరుగురూ ఎవరో ఫణీంద్ర చూడలేదు. మేమూ చూడలేదు. తర్వాత ఏం జరుగుతుందా అని మా ఆత్రం మాది. ఆయన మళ్ళీ నొక్కాడు. ఆరుగురూ మాయమైపోయారు. వాళ్ళు నిలబడ్డ చోట గోదావరి నీళ్ళూ, పంటు ఎక్కే ఖాళీ బల్లా కనిపించాయి. అతుకు ఎక్కడుందో తెలియలేదు.

"మళ్ళీ కావాలంటే పాతది కూడా తెప్పించొచ్చు" అన్నాడు గర్వంగా.

"చెరపడమెందుకు, తెప్పించడమెందుకు? రేవంటే జనమే కదండీ. జనం లేని రేవు ఫోటో ఎవరిక్కావాలి?" అన్నాడు శేషగిరి.

అక్కడ చేరినవాళ్ళు రెండు జట్లయ్యారు. పెళ్ళి ఫోటోల్లో ఇది ఎంత పనికొస్తుందో అని ఒకడు, ఇలాంటివాటికి మురిసిపోతే అంతే సంగతులని ఇంకొకడు. చివరికి ఫణీంద్ర నావైపు తిరిగి, చంకలో పుస్తకాలు చూసి కాబోలు, "మేష్టారూ, మీరు చెప్పండి" అన్నాడు. మేష్టారిని అభిప్రాయం అడిగితే ఊరుకుంటాడా? ఉపయోగమంటే ఏమిటి, ఆర్భాటమంటే ఏమిటి అని గొంతు సవరించుకుని చాలాసేపు చెప్పాను. అందరూ తలలూపారు. నాకెంతో గొప్పగా అనిపించింది. ఆ గొప్పలో నేనెక్కాల్సిన పంటు వెళ్ళిపోయిన సంగతే గమనించలేదు.

"అత్తయ్యగారేరీ?" అంది హైమ.

 అందరూ తలో వైపూ చూశారు. గట్టు మీద లేదు. టీ కొట్టు దగ్గర లేదు. హైమ మెట్ల దాకా పరుగెత్తి అక్కడే నిలబడిపోయింది. ఆఖరి మెట్టు దగ్గర నీళ్ళలో కుంకుమ పొట్లం కాగితం తేలుతోంది.

"ఇందాక అక్కడే పసుపు కుంకుమ వేస్తూ కనబడ్డారమ్మా. తర్వాత నేను చూళ్ళేదు" అంది జామకాయలావిడ. ఆవిడ కూడా మా వాదనలోనే ఉంది మరి. పైకి వచ్చి కొడుకు భుజం తట్టడం నేను చూశాను గాని, మళ్ళీ మెట్లు దిగిందేమో ఎవరికి తెలుసు?

ఫణీంద్ర మొహంలో రక్తం లేదు. "అమ్మా" అని పిలిచాడు.  రేవులో నావ నడిపే దావీదు నావ తోసే పొడవాటి గెడ పట్టుకుని వచ్చాడు. ఇంకో ఇద్దరు నీళ్ళలోకి దిగారు.

"ఏ రంగు చీర కట్టుకున్నారండీ అమ్మగారు?" అని అడిగాడు దావీదు.

ఫణీంద్ర హైమవైపు చూశాడు. తణుకు నుంచి పక్క సీట్లో కూర్చుని వచ్చిన తల్లి ఏం చీర కట్టుకుందో ఆయనకు తెలియదు. "నీలం... నీలమనుకుంటాను" అన్నాడు. "వంగపండు రంగండీ" అంది హైమ ఏడుస్తూ. 

"ఫోటో ఉంది. మా వెనకాలే ఉండి ఉంటుంది. చూపిస్తానుండు" అని ఫోను తీశాడు.  ఫోటో తెరిచాడు. వాళ్ళు ముగ్గురూ నవ్వుతున్నారు. వెనకాల నీళ్ళున్నాయి. ఎవరూ లేరు.

"అప్పటికే లేదు. ఫోటో తీసేటప్పటికే మా అమ్మ లేదు" అని మెట్ల మీద కూలబడిపోయాడు ఫణీంద్ర.

దావీదు గెడ కిందికి దించాడు. "ఫోటో తీసి ఎంతసేపైందండీ?" అన్నాడు. "అరగంట" అన్నాను నేను. దావీదు పారే నీళ్ళకేసి చూశాడు.  నేను అంత పండితుడిలా మాట్లాడుతున్నంతసేపూ ఒక మనిషి ఈ నీళ్ళలో కొట్టుకుపోతోందా అనిపించింది. ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే నాకు అన్నం సహించదు.

అప్పుడు శేషగిరి అన్నాడు, చాలా మెల్లగా. "బావగారూ, ఆ ఫోటోలో ఎవరూ లేకపోవడమేమిటి? అక్కడ ఆరుగురున్నారు. మీరు చెరిపేశారు."

ఫణీంద్ర తలెత్తాడు. ఏదో అర్థమైనట్టు, అర్థం కావడానికి భయపడుతున్నట్టు చూశాడు. "తెప్పించండి. పాతది వస్తుందన్నారుగా, తెప్పించండి" అన్నాడు శేషగిరి. గారడీ అన్న నోటితోనే బతిమాలాడు.

వేలు రెండుసార్లు తప్పు చోట పడింది. మూడోసారికి పాత ఫోటో వచ్చింది. సైకిల్ పట్టుకున్న మనిషి వచ్చాడు, గంప ఎత్తుకున్న ఆవిడ వచ్చింది, ఒక ముసలాయనా, ఒక మొగుడూ పెళ్ళామూ వచ్చారు. ఆరో మనిషి వంగపండు రంగు చీరలో ఉంది. ఒక కాలు పంటు ఎక్కే బల్ల మీద ఉంది. వెనక్కి తిరిగి ఉంది. సరిగ్గా ఫణీంద్ర వైపే చూస్తోంది. చెయ్యెత్తి రమ్మని పిలుస్తోంది.

 తప్పిపోలేదు, పడిపోలేదు. కొడుకుని పిలుస్తోంది. ఆ పిలుస్తున్న మనిషిని ఫోను అక్కర్లేని మనిషంది. కన్నకొడుకు సరేనని నొక్కాడు. మేమంతా చుట్టూ చేరి భలే భలే అన్నాం.

"ఇందాక భుజం తట్టి ఏం చెప్పారండీ మీకు?" అని అడిగింది హైమ.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెవిలో పడ్డ మాట అప్పటికి మనసుకి చేరినట్టుంది. "పంటు కదిలేలా ఉంది నాన్నా, నేను ముందెళ్ళి చోటు పడతాను, మీరు వచ్చేయండి అంది. నేను ఊఁ అన్నాను" అన్నాడు.

తర్వాతి పంటులో అందరం దాటాం. మామూలుగా ఆ ప్రయాణం నాకు రెండు పేజీలు చదివేలోపు అయిపోయేది. ఆ రోజు ఒడ్డు ఎంతకీ దగ్గరకి రాలేదు. ఫణీంద్ర అంచునే నిలబడ్డాడు. ఆవిడ పంటు బల్ల ఎక్కింది సరే, అవతలి ఒడ్డున దిగిందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు కదా. ఫోను జేబులో మోగింది. తియ్యలేదు.

సఖినేటిపల్లి ఒడ్డున బస్సులు ఆగే చోట బల్ల మీద కూర్చుని ఉంది మాణిక్యమ్మ. ఆవిడకు ఒక పక్కన చేతిసంచీ, ఇంకో పక్కన గొడుగు, ఆ పక్కన మడత పెట్టిన తువ్వాలు. మూడూ ముగ్గురికి పట్టిన చోట్లు. ఎవరో కూర్చోబోతే "మా అబ్బాయి వస్తున్నాడు బాబూ" అని చెబుతోంది.

"ఏరా, ఇంతాలస్యం? రెండు బస్సులు వదిలేశాను" అంది.

ఫణీంద్ర ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయాడు. చీర కుచ్చిళ్ళు గుప్పిట్లో పట్టుకుని ఏడ్చాడు. నలభై నాలుగేళ్ళ మనిషి. ఆవిడకేమీ అర్థం కాలేదు. కోడలివైపు చూసింది, శేషగిరివైపు చూసింది. శేషగిరి తల దించుకున్నాడు. "మా ముందు నుంచే వెళ్ళారత్తయ్యగారూ. వాదనలో పడి నేనూ చూళ్ళేదు" అన్నాడు.

"ఏమైందిరా నాన్నా? ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని కొడుకు తల నిమిరింది మాణిక్యమ్మ. ఆయన ఎంతకీ తేరుకోకపోతే మాట మార్చడానికి అడిగింది. "ఇందాక ఫోటో తీశావుగా, బాగా వచ్చిందా? నేను పడ్డానా అందులో?"

 ఆ మాట వినలేక నేను కాస్త దూరంగా జరిగాను. ఫణీంద్ర ఫోను తీసి పాత ఫోటో చూపించాడు. "పడ్డావమ్మా" అన్నాడు.

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరగా పెట్టుకు చూసింది. "పడ్డానే" అని సంతోషపడింది. "ఎంత పిలిచినా ఇటు తిరగవేమా అనుకున్నాను. నవ్వుతున్నావన్నమాట" అంది.

పిల్లలూ, ఫోనులో కొత్తగా వచ్చింది ఉపయోగమా గారడీనా అని ఆ తర్వాత నన్ను చాలామంది అడిగారు. నా తల్లిని పోగొట్టిందీ అదే, తిరిగి చూపించిందీ అదే అని ఫణీంద్ర అన్నాడు. తప్పు దానిది కాదని కూడా ఆయనే అన్నాడు. ఇప్పుడు తల్లి పిలిస్తే ఆయన ఫోను బోర్లా పెట్టి తలెత్తి చూస్తాడట. ఊఁ అనడం మానేశాడట.

నీతి: వస్తువు గొప్పదా కాదా అని వాదించే ముందు పక్కనున్న మనిషి ఏం చెబుతోందో వినాలి, ఎవరు కావాలో ఎవరు అక్కర్లేదో తేల్చే పని ఏ యంత్రానికీ అప్పగించకూడదు.