నూకమ్మ ఎదుట చదవలేని వార్త

అనగనగా అంటే నిన్నమొన్నటి మాట కాదు. అచ్చులో వచ్చిందంటే అబద్ధం కానే కాదని జనం నమ్మే రోజులు. ఒక ఏటిగట్టు ఊళ్లో గవర్రాజు అనే సంపాదకుడు ఉండేవాడట. కుర్చీలోంచి కదలకుండానే నాలుగూళ్ల వార్తలు రాసిపారేసేవాడు.

ఒకసారి ఊళ్లో పదిమందికి వాంతులయ్యాయి. "బజార్లో నూకమ్మ అమ్మే బజ్జీలు తినే అయ్యాయండి," అన్నారెవరో. గవర్రాజు రాశాడు, అచ్చేశాడు, హాయిగా ఆవలించాడు.

మొదటిరోజు నూకమ్మ బజ్జీలు సగం మిగిలాయి. రెండోరోజు అన్నీ మిగిలాయి. మూడోరోజు పొయ్యే వెలగలేదు. పాపం, ఆ పత్రిక పట్టుకుని ఆఫీసుకొచ్చింది.

"నాకు చదువు రాదు బాబూ. నా గురించి ఏం రాశారో తమరే చదవండి."

గవర్రాజు చదవబోయాడు. ఆమె ఎదుట నోరు పెగల్లేదు.

"రాసేముందు నన్నడిగారా?"

"లేదమ్మా."

"నా బజ్జీ తిన్నారా?"

"లేదమ్మా."

"పోనీ, ఆ పదిమందినైనా చూశారా?"

"లేదమ్మా. తప్పయిపోయింది."

అప్పుడు లేచాడు మహానుభావుడు! పది గడపలూ తిరిగాడు. పదిమందీ ఒకే పెళ్లిలో పాడైన పాయసం తాగినవాళ్లే. బజ్జీ ముట్టినవాళ్లు ఒక్కరూ లేరు. మర్నాడు పత్రిక నెత్తిన పెద్దక్షరాలతో వేశాడు: "తప్పు నాది. నూకమ్మది కాదు." మూడు రోజులు నడిబజార్లో నిలబడి ఆమె బజ్జీలు తిన్నాడు. జనం మళ్లీ వచ్చారు.

"పత్రిక పరువు తీశావు, పో!" అన్నాడు యజమాని.

పోయాడు. పత్రికల చదువు చెప్పే కాలేజీవాళ్లు పిలిచి పంతులుని చేశారు. ఏటా మొదటిరోజు తన తప్పుడు వార్తను గోడకి అంటించేవాడు.

"ఇది నేను రాసిన చెత్త. ఎవరి గురించి రాసినా వాళ్లెదుట చదవండి. నోరు పెగిలితేనే అచ్చుకివ్వండి," అనేవాడు.

ఒక శిష్యుడు లంచగొండి కరణం ఎదుట చదివి తన్నులు తినబోయాడు. వార్త నిజం కాబట్టి అక్షరం మారకుండా అచ్చయింది.

గవర్రాజు పోయాక ఎవరూ విగ్రహం పెట్టలేదు. కానీ ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరైనా చాడీ మొదలెడితే, "ఏదీ, వాళ్లెదుట చదువు!" అంటారు. చదువు రానివాళ్లూ అంటారు. సగం చాడీలు అక్కడే ఆగిపోతాయి.

నేనూ ఈ కథని ముందు నూకమ్మ మనవరాలికి చదివి వినిపించాను. బజ్జీలు వేస్తూనే అంతా వింది.

"బాగానే ఉంది గానీ, మా బజ్జీ రుచి గురించి ఒక్క ముక్కా రాయలేదేం?" అంది.

తిన్నాను. అమోఘం. ఇదిగో, రాశాను.