ఏటి అవతల గైరమ్మ

అనగా అనగా, కొండమీద పులి తిరిగే రోజుల్లో, కొండకింద ఒక ఊరు. ఊరికి ఒక పక్క కొండ, ఒక పక్క ఏరు, ఏటి ఒడ్డున తుప్పలు. ఆ ఊళ్ళో గైరమ్మ అని ఒక మనిషి ఉండేది. మొగుడు ఎప్పుడో పోయాడు. కొండచీపురు కోసుకొచ్చి, ఎండబెట్టి, చీపుళ్ళు కట్టి బతికేది. ఊరందరి వాకిళ్ళూ ఆమె చీపుళ్ళతోనే ఊడ్చేవారు. ఆమెను మాత్రం ఎవరూ తలిచేవారు కాదు. కనపడకపోతే తప్ప చీపురుని ఎవరు తలుస్తారు?

ఆ ఊరి ఆడవాళ్ళకి ఒక కష్టం ఉండేది. ఇప్పుడు దానికి మలబద్ధకమని పేరుపెట్టి మందులిస్తున్నారు. అప్పుడు దానికి పేరు లేదు, సిగ్గు ఒక్కటే ఉండేది. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత నవ్వు రాదు.

బయటికి వెళ్ళాలంటే ఎవరైనా తుప్పల్లోకే వెళ్ళాలి. పగలు వెళ్తే మగవాళ్ళ కంట పడతారు. అందుకని ఆడవాళ్ళు తెల్లారకముందో, పొద్దు కుంకాకో, చీకటి చాటున వెళ్ళి వచ్చేవారు. కడుపుతో ఉన్నదాన్ని మాత్రం చీకట్లో గడప దాటనిచ్చేవారు కాదు. తుప్పల్లో గాలి ఉందట. గాలంటే దయ్యం. కడుపులో బిడ్డ వాసన తగిలితే ఇక వదలదట. పగలైతే సిగ్గు, చీకటైతే గాలి. మరి ఆ పిల్ల ఎప్పుడు వెళ్ళాలి? అది ఎవరూ ఆలోచించలేదు. మగవాళ్ళు కునుకు తీసే వేళ చూసి దొంగలా పోయి రావాలి. లేదంటే బిగబట్టుకోవాలి. బిగబట్టుకోవాలంటే తినకూడదు, తాగకూడదు.

గైరమ్మకి ఒక్కతే కూతురు, దాలమ్మ. తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. అది కోతల కాలం. మిట్టమధ్యాహ్నం కూడా పొలాల నిండా మగవాళ్ళే.

"ఏటే తల్లీ, నీల్లు ముట్టవేటి?" అని అడిగింది గైరమ్మ.

"ఒద్దమ్మా. తాగితే ఎల్లాల. ఎప్పుడెల్తాను?"

"కూసింత అంబలైనా తాగు."

"ఒద్దమ్మా. పొట్ట రాయిలాగున్నాది. సీకటి పడ్డాక ఒక్కసారి ఎల్లొస్తానే."

"సీకట్లో ఒద్దే నా తల్లీ. గాలి సోకుద్ది."

మూడుసార్లు అడిగింది దాలమ్మ. మూడుసార్లూ వద్దంది గైరమ్మ. ప్రేమతోనే వద్దంది. మనిషిని చంపడానికి పగే ఉండాలని లేదు.

దాలమ్మకి ముందు ఆకలి పోయింది. తర్వాత నిద్ర పోయింది. కూర్చుంటే నొప్పి, లేస్తే నొప్పి. పెదాలు ఎండి పగిలాయి. కోతలు అయ్యేసరికి జ్వరం పట్టుకుంది. జ్వరంలోనే నొప్పులొచ్చాయి. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

ఊరంతా వాకిట్లోకి వచ్చింది. పక్కింటావిడ "గాలి సోకీసింది" అంది. మంత్రసాని "గాలే" అంది. ఊరిపెద్ద తలపాగా సర్దుకుని "ఇంకేటి, గాలే" అన్నాడు.

గైరమ్మ ఏడవలేదు. కళ్ళెత్తి చూసింది. ఎదురుగా ఊరిపెద్ద కోడలు కన్నమ్మ కూర్చుని ఉంది. ఆమెకీ ఆరో నెల. ఎవరో నీళ్ళ చెంబు అందిస్తే పెదాలు తడుపుకొని పక్కన పెట్టేసింది. ఆ పెదాలూ పగిలే ఉన్నాయి. అలా చెంబు పక్కన పెట్టడం గైరమ్మ తన ఇంట్లో ఎన్నిసార్లు చూడలేదు!

"బాబూ, నా కూతురు సీకట్లో గడప దాటనేదు. నానే దాటనివ్వనేదు. గడప దాటనిదానికి గాలెలాగ సోకినాది?" అంది ఊరిపెద్దతో.

ఊరిపెద్దకి కోపం వచ్చింది. జవాబు లేనివాడికి వచ్చేది అదే కదా.

"అయితే ఆ గాలి నీ ఇంట్లోనే ఉన్నాదేటో! నీ మీదే ఉన్నాదేటో!"

జనం ఒక్కడుగు వెనక్కి వేశారు. 'కాదు బాబూ' అని కాళ్ళ మీద పడితే సరిపోయేది. నాలుగు రోజులకి ఊరు మరిచిపోయేది. గైరమ్మ కన్నమ్మని ఇంకోసారి చూసింది.

"అవును బాబూ. నా మీదే ఉన్నాది. తుప్పల్లో గాలి ఇంక తుప్పల్లో నేదు, నన్ను పట్టుకున్నాది. నాను ఏటి అవతలకి పోతాను. నాను బతికున్నన్నాల్లూ అది నాతోనే ఉంటాది. మీ ఆడపిల్లల్ని సీకట్లో ఎల్లనివ్వండి."

ఆ మాట ఊరు నమ్మింది. నిజం చెబితే నమ్మని ఊరు, అబద్ధం చెబితే ఎంత తొందరగా నమ్మిందో!

ఆ రోజే గైరమ్మకి ఊరి నుయ్యి పోయింది. ఊరి నిప్పు పోయింది. ఊరి మాట పోయింది. ఏటి అవతల కొమ్మలతో గుడిసె వేసుకుంది. గాలి పట్టినదాని చీపుళ్ళు ఎవరు కొంటారు? ఆడవాళ్ళు ఒడ్డున రాతి మీద ఏదో ఒకటి పెట్టిపోయేవారు. అదే తిని బతికింది.

పొద్దు కుంకాక కడుపుతో ఉన్నవాళ్ళు కూడా అందరితో కలిసి తుప్పలకి వచ్చేవారు. అవతలి ఒడ్డు నుంచి గైరమ్మ కేకేసేది.

"నీల్లు తాగినావా? ఆకుకూర తిన్నావా? ఎల్లొచ్చినావా?"

గాలి పట్టిన మనిషికి బదులు పలకకూడదు. అందుకని కడుపుతో ఉన్న పిల్ల చెంబు బోర్లించి మూడుసార్లు కొట్టేది. టంగ్, టంగ్, టంగ్. అప్పుడు గైరమ్మ గుడిసెలోకి పోయేది. చెంబు మోగకపోతే చీకట్లో అక్కడే నిలబడేది.

కన్నమ్మకి పొట్ట తేలికపడింది. కడుపునిండా తాగింది, తింది. నెలలు నిండి సుఖంగా కంది. పసిబిడ్డ ఏడుపు గాలివాటున ఏరు దాటి గైరమ్మకి వినపడింది. మగపిల్లాడో ఆడపిల్లో ఎవరూ చెప్పలేదు.

ఏళ్ళు గడిచాయి. ఎన్నో చెంబులు మోగాయి. ఎన్నో కాన్పులయ్యాయి. గైరమ్మ నడుం వంగింది. గొంతు కీచుగా మారింది.

ఒకనాడు పొద్దు కుంకింది. కేక రాలేదు. రెండోనాడూ రాలేదు. మూడోనాడు కన్నమ్మ ఏట్లో దిగింది. గుడిసెలో గైరమ్మ గోడకి ఆనుకుని ఉంది. ఒళ్ళో కట్టడం సగంలో ఆగిపోయిన చీపురు ఉంది. ఎవరూ కొనని చీపుళ్ళు గుడిసె నిండా పేర్చి ఉన్నాయి.

వెనక వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె గొంతెత్తి ఏడవబోయింది. కన్నమ్మ ఆమె నోరు మూసేసింది.

"ఏడవకండి! ఏడుపు ఊళ్ళోకి ఇనపడితే గైరమ్మ పోనాదని తెలిసిపోద్ది. గాలి మల్లీ తుప్పల్లోకి వచ్చీసిందంటారు. కడుపుతో ఉన్నోల్లని మల్లీ సీకట్లో గడప దాటనివ్వరు."

మెల్లగా గొయ్యి తవ్వారు. మెల్లగా దించారు. మెల్లగా మన్ను కప్పారు. పాడె లేదు, డప్పు లేదు, దినం లేదు. తిరిగి ఏరు దాటుతూ ఏట్లోనే ముఖాలు కడుక్కున్నారు.

మర్నాడు పొద్దు కుంకాక అవతలి ఒడ్డు నుంచి కీచుగొంతుతో కేక వచ్చింది. "నీల్లు తాగినావా? ఆకుకూర తిన్నావా? ఎల్లొచ్చినావా?" ఊరిపెద్ద అరుగు మీద కూర్చుని విన్నాడు. "ముసల్ది గట్టిదే" అన్నాడు. ఆ కేక తుప్పలకని వెళ్ళిన తన కోడలిదని పోయేదాకా అతనికి తెలియలేదు. కన్నమ్మ తర్వాత ఇంకొకామె, ఆమె తర్వాత మరొకామె వెళ్ళి కేకేశారు.

ఇప్పుడు ఇంటింటికీ మరుగుదొడ్డి ఉంది. అయినా ఆ వైపు కడుపుతో ఉన్న కోడల్ని పొద్దున్నే అత్త పలకరిస్తే ఆ మూడు మాటలే అడుగుతుంది. కోడలు నోటితో బదులు చెప్పదు. చెంబు మీద మూడుసార్లు కొడుతుంది. చెంబు లేకపోతే ప్లాస్టిక్ మగ్గు మీద.

గైరమ్మ ఎప్పుడు పోయిందని అడిగి చూడండి. ఏ ముసలమ్మా చెప్పదు. "పోనేదు. ఏటి అవతల ఉన్నాది" అంటుంది. అందుకే ఆమె కోసం ఏడవడానికి ఇంతవరకూ ఎవరికీ వీలు పడలేదు.