రాచలద్ది

వెనకటికి పెన్నేటి ఒడ్డున ఒక చిన్న రాజ్యం ఉండేదిలెండి. దాన్ని ఏలే రణభైరవరాజుకి రాజ్యం ఎంత చిన్నదో డాబు అంత పెద్దది. ఆయన పట్టపుగుర్రం మేసే పచ్చికలో మరో గుర్రం కాలు పెట్టకూడదు. అది వేసిన లద్ది ఎవరూ ఎత్తకూడదు. "రాచలద్ది! పడ్డచోటే ఉండాలి" అని పలక మీద శాసనం రాయించి, రాజముద్ర కూడా వేయించాడు మహానుభావుడు!

రెండేళ్లు తిరిగేసరికి గుర్రం చిక్కి శల్యమైంది. పొట్ట ఉబ్బింది, డొక్కలు తేలాయి.

రాజు నిండు సభలో గుర్రాల కాపరి ఓబన్న మీద విరుచుకుపడ్డాడు. "ఓరీ! గుర్రం ఉలవలు నువ్వు మెక్కుతున్నావు! కాదంటావా, మూడు రోజుల్లో దొంగను పట్టి చూపించు. దొంగకూ, వాణ్ని కోటలోకి రానిచ్చినవాడికీ గుండు గొరిగించి గాడిద మీద ఊరేగిస్తాను!"

ముప్పై ఏళ్లుగా గుర్రాల మధ్యే బతికినవాడు ఓబన్న. ఒక్క గింజ ముట్టి ఎరగడు. సిగ్గుతో చచ్చిపోయాడు పాపం. ఇంటికెళ్లి, పెళ్లాం మొహం చూడలేక గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

మూడోనాడు సభకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "దొంగలు దొరికారు ప్రభూ. వందల మంది. సంకెళ్లకు లొంగే రకం కాదు. తమరే దయచేయాలి."

వందలంటే మాటలా! రాజు కత్తి దూసి, సభనంతా వెంటేసుకుని గుర్రపుశాలకు వచ్చాడు. ఓబన్న అప్పటికే గుర్రానికి మోదుగ గింజల మందు పట్టించాడు. అది వేసిన లద్దిని కర్రతో కదిపాడు. తెల్లటి పురుగులు లుకలుకలాడాయి.

"ఛీ ఛీ!" రాజు ముక్కు మూసుకున్నాడు.

"ఉలవల సారం తింటున్నది వీళ్లే ప్రభూ. లద్దిలోంచి గడ్డిలోకి, గడ్డిలోంచి మళ్లీ గుర్రం కడుపులోకి."

"వీళ్లను కోటలోకి రానిచ్చినవాడెవడు?"

ఓబన్న గోడకున్న శాసనపు పలక చూపించాడు. "మంత్రిగారు చదివితే బాగుంటుంది. నాకు చదువు రాదు. ముద్ర మాత్రం గుర్తుపట్టగలను."

మంత్రి "రాచలద్ది! పడ్డచోటే ఉండాలి" అని చదివి, కింద రాజముద్ర దగ్గర ఆగిపోయాడు. రాజు మొహం కందిపోయింది. కత్తి ఒరలో పెట్టబోతే ఒర ఎక్కడుందో చేతికి తగల్లేదు. చివరికి గొణిగాడు: "అయితే... గాడిద?"

"దానికీ పురుగులే ప్రభూ. మందేశాను. ఇప్పట్లో తమరి బరువు మొయ్యలేదు."

రాజు ముందు గుడ్లురిమి చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. నవ్వుతూనే తల దించుకున్నాడు. మెడలో హారం తీసి ఇవ్వబోతే ఓబన్న అందుకోలేదు.

"హారం వద్దు ప్రభూ. నిండు సభలో దొంగన్నారు. ఆ మాట మా ఇంటిదాకా వచ్చింది."

రాజు హారం మంత్రి చేతిలో పెట్టాడు. సభనంతా వెంటబెట్టుకుని నడిచివెళ్లి ఓబన్న గుమ్మం ముందు నిలబడ్డాడు. "అమ్మా, నీ మొగుడు దొంగ కాదు. తప్పు నాది. సిగ్గుపడుతున్నాను" అన్నాడు.

ఆ ఇల్లాలు కొంగుతో కళ్లు తుడుచుకుని "లోపలికి రండి ప్రభూ" అని పిలిస్తే, గడప దాటడానికి అంతటి రాజుకీ కాళ్లు రాలేదట.